జనం కదలాలంటే ఏం చేయాలి? వాతావరణ మార్పు పనులకు ప్రవర్తనా శాస్త్రం చూపే దారి

వాతావరణ మార్పు మీద నలుగురితో ఏదైనా చేయిద్దామని కూర్చుంటే చాలు, ముందుగా వినిపించే మాట ఒకటుంది: "జనానికి పట్టదండీ." ఆ మాటను పక్కన పెట్టి మొదలుపెట్టండి, ఎందుకంటే అది నిజం కాదు. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగిన ఒక సర్వే ఫలితాలు 2024లో వెలువడ్డాయి. తమ ప్రభుత్వం ఇంకా గట్టిగా పనిచేయాలన్నవాళ్లు 89 శాతం. ఇందుకోసం నెల ఆదాయంలో ఒక శాతం ఇస్తామన్నవాళ్లు 69 శాతం. "మరి మీ దేశంలో ఎంతమంది ఇలా ఇస్తారనుకుంటున్నారు?" అని అదే జనాన్ని అడిగితే సగటున 43 శాతం అన్నారు. అంటే ఎవరికి వాళ్లు నాకు పట్టింది, పక్కవాళ్లకే పట్టలేదు అనుకుంటూ ఊరుకున్నారు.

ఈ లెక్క చూశాక నా ఆలోచనే మారింది. ఒప్పించే పని చాలావరకు అయిపోయింది. మనసులో ఉన్నది చేతల్లోకి రాకుండా అడ్డుపడేవి చిన్న చిన్న సంగతులు: అలవాటు, బద్ధకం, మొహమాటం, ఒక ఫారం, ఒక అడ్డదిడ్డమైన మెట్ల దారి. మనుషులు నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారో, ఎలా నడుచుకుంటారో చూసే ప్రవర్తనా శాస్త్రం పనికొచ్చేది ఇక్కడే. మీరు అపార్ట్‌మెంట్ సంఘంలో ఉన్నా, కాలేజీలో ఉన్నా, ప్రభుత్వ శాఖలో ఉన్నా ఈ కింది తొమ్మిది మెట్లు పనికొస్తాయి. మాట తేలిగ్గా సాగడానికి ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం: 200 మంది పనిచేసే ఆఫీసు, అందరూ ఎవరి బండిలో వాళ్లు ఒంటరిగా వస్తున్నారు. వాళ్లలో కొందరిని బస్సు ఎక్కించాలి, లేదా ఒకే కారులో కలిసి వచ్చేలా చేయాలి.

1. బరువున్న పని ఒక్కటి ఎంచుకోండి

"పర్యావరణాన్ని కాపాడుకుందాం" అంటే అందరూ తలూపుతారు. పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. "వారానికి రెండు రోజులు ఆఫీసుకు బస్సులో రండి" అంటే తెలుస్తుంది. చేశారో లేదో లెక్క పెట్టొచ్చు కూడా.

ఎంచుకునే పనికి నిజంగా బరువుండాలి. 2010లో అమెరికాలో 505 మందిని, ఇంధనం ఆదా చేయాలంటే అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఏమిటని అడిగారు. ఎక్కువమంది నోట వచ్చినవి లైట్లు ఆర్పడం లాంటి పనులు. తక్కువ ఇంధనంతో నడిచే యంత్రానికి మారడం లాంటివి చెప్పినవాళ్లు చాలా తక్కువ. ఎక్కువ కరెంటు తినే వస్తువులు ఎంత తింటున్నాయో వాళ్ల అంచనా అసలు లెక్కకు ఎంతో దిగువన ఉంది. జనం ఓపిక తరగని నిధేమీ కాదు. దాన్ని ఛార్జర్ ప్లగ్ తీయించడం మీద ఖర్చుపెడితే, పెద్ద పని అడిగే రోజుకు ఏమీ మిగలదు.

2. ఎక్కడ ఆగిపోతున్నారో కూర్చుని వినండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

ఓ పది మందిని విడివిడిగా కలవండి. "బస్సులో ఎందుకు రావు?" అని అడక్కండి. ఆ ప్రశ్నలో నేరం మోపినట్టు ఉంటుంది, మర్యాదకు ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటారు. "నిన్న పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి సీట్లో కూర్చునేదాకా ఏం జరిగిందో చెప్పండి" అని అడిగి ఊరుకోండి. ఒకరు పిల్లాణ్ని స్కూల్లో దింపి రావాలంటారు. ఒకరు బస్టాప్ నుంచి గేటు దాకా నడవడానికి దారే లేదంటారు. ఇంకొకరు కాసేపు ఆగి, "సాయంత్రం మీటింగ్ లేటైతే ఇంటికెలా వెళ్లాలి? అదే టెన్షన్" అంటారు. ఆ మనిషికి నెలలో లేటయ్యేది ఒక్క రోజే కావచ్చు. ఆ ఒక్క రోజు భయమే మిగతా ఇరవై రోజులూ బండి తీయిస్తోంది. దానికి మందు కరపత్రం కాదు. "లేటైన రోజున ఆఫీసు ఖర్చుతో క్యాబ్" అని రాసిచ్చిన హామీ.

బ్రిటన్‌లో ప్రభుత్వమే 2010లో బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ అని ఒకటి పెట్టుకుంది. చలి దేశం కదా, ఇంటి పైకప్పు కింద వేడి బయటికి పోకుండా ఒక పొర వేయించుకుంటే బిల్లు తగ్గుతుంది. రాయితీలిచ్చినా చాలామంది వేయించుకోలేదు. వెళ్లి చూస్తే, కారణం అటక నిండా పాత సామాను. పొర వేయాలంటే ముందు అదంతా దించాలి, ఆ మాట తలచుకుంటేనే నీరసం. అందుకని ఆ టీమ్ అటక ఖాళీ చేసిపెట్టే మనుషుల్ని కూడా కలిపి ఇచ్చి చూసింది. డబ్బు గురించీ భూమి గురించీ ఎంత చెప్పినా కదలని సంగతి ఆ సామాను దగ్గర ఉంది.

మీ పది మంది చెప్పింది కాగితం మీద రాసుకోండి. చేయాలన్నా వీల్లేక ఆగేవి కొన్ని, మనసు రాక ఆగేవి కొన్ని, అసలు గుర్తే రాక ఆగేవి కొన్ని ఉంటాయి. మొదటి రకం తీసేయకుండా మిగతావాటి జోలికి వెళ్లకండి. బస్సే లేని దారిలో బస్సెక్కమని చక్కటి పోస్టర్ వేయడం జనాన్ని అవమానించడమే.

3. మంచి దారినే మామూలు దారి చేయండి

జర్మనీలో దాదాపు 42 వేల ఇళ్లతో చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. కరెంటు కనెక్షన్ ఫారంలో "పునరుత్పాదక కరెంటు కావాలి" అని టిక్ పెట్టుకోవాల్సి వస్తే 7 శాతం మంది పెట్టారు. ఆ టిక్ ముందే పెట్టి, వద్దంటే తీసేయండి అంటే 69 శాతం మంది అలాగే ఉంచారు. ఫారం అదే, కరెంటు అదే. స్వీడన్‌లోని ఒక యూనివర్సిటీలోనూ ఇంతే. కాగితం ఆదా చేయమని వేడుకుంటే ఏమీ కాలేదు. ప్రింటర్లను రెండు వైపులా అచ్చువేసేలా సెట్ చేసి పెడితే వాడకం 15 శాతం తగ్గింది.

మన ఆఫీసులో చేరే ప్రతివారికీ పార్కింగ్ పాస్ దానంతటదే చేతికొస్తోందా? బస్సు పాస్‌కి మాత్రం అర్జీ పెట్టుకోవాలా? ఈ రెండింటినీ తిరగేయండి. డబ్బు విషయంలోనూ ఇదే చూపు కావాలి. పార్కింగ్ ఉచితం అనుకుంటాం, దాని ఖర్చు ఆఫీసు భరిస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పార్కింగ్ వద్దనుకునేవాళ్లకు ఆ సొమ్ము చేతికిచ్చే చట్టం 1992లో తెచ్చారు. దాన్ని పాటించిన ఎనిమిది ఆఫీసులను డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ పరిశీలించారు. ఒంటరిగా కారులో వచ్చేవాళ్లు 17 శాతం తగ్గారు.

ఒక్క మాట. ముందే పెట్టిన టిక్ గురించి జనానికి దాపరికం లేకుండా చెప్పండి, తీసేసే దారి ఒక్క నిమిషంలో అయ్యేలా ఉంచండి. తెలియకుండా చేయించామని ఒకసారి అనిపిస్తే మళ్లీ మీ మాట వినరు, వినకపోవడం న్యాయం కూడా.

4. చేస్తున్నవాళ్లు కంటికి కనిపించాలి

అమెరికాలోని శాన్ మార్కోస్ అనే ఊళ్లో పరిశోధకులు ఇళ్ల తలుపులకు కార్డులు తగిలించారు. కొన్నిటి మీద కరెంటు ఆదా చేస్తే పర్యావరణానికి మంచిదని, కొన్నిటి మీద రాబోయే తరాల కోసమని, కొన్నిటి మీద డబ్బు మిగులుతుందని, కొన్నిటి మీద మీ చుట్టుపక్కలవాళ్లు ఇప్పటికే చేస్తున్నారని రాశారు. మీటర్లు చూస్తే వాడకం బాగా తగ్గింది చివరి కార్డు అందుకున్న ఇళ్లలో. చిత్రమేమిటంటే, మీరు దేన్ని చూసి కరెంటు ఆదా చేస్తారని విడిగా ఒక సర్వేలో అడిగితే, ఇరుగుపొరుగును జనం అట్టడుగున పెట్టారు. 2008లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పేదేమిటంటే, మనల్ని ఏది కదిలిస్తుందో మనకే సరిగ్గా తెలియదు. అందుకే కమిటీ మీటింగ్‌లో "నాకైతే ఈ పోస్టర్ నచ్చింది" అన్న మాటను బట్టి నిర్ణయం తీసుకోకూడదు.

ఈ ఆయుధం తిరగబడుతుంది కూడా, జాగ్రత్త. అమెరికాలోనే పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌లో రాయిగా మారిన చెట్ల ముక్కలుంటాయి. జనం వాటిని జేబులో వేసుకుపోతుంటారు. "చాలామంది తీసుకుపోయి ఈ అడవిని పాడుచేశారు" అని బోర్డు పెట్టిన దారిలో దొంగతనం దాదాపు 8 శాతానికి చేరింది. "దయచేసి తీయకండి" అని మాత్రమే పెట్టిన చోట 2 శాతం కూడా లేదు. అందరూ తీస్తున్నారట అని చెప్పడమంటే, పరవాలేదు తీసుకో అని చెప్పడమే. మనం రోజూ రాసే "ఎవరూ పట్టించుకోవడం లేదు" అనే నోటీసులన్నీ ఈ చెడ్డ పనే చేస్తుంటాయి.

ఇంకో మెలిక. సగటు వాడకం ఎంతో చెబితే, సగటు కంటే తక్కువ వాడేవాళ్లు కాస్త పెంచేస్తారు. శాన్ మార్కోస్‌లోనే, సగటు రాసిచ్చిన కాగితం మీద ఒక నవ్వు మొహం గీసిపెడితే ఆ పెరుగుదల ఆగిపోయింది. బాగా చేస్తున్నవాళ్లకు "బాగుంది" అని చెప్పడం మరిచిపోకూడదన్నమాట.

మరి చేస్తున్నవాళ్లు నిజంగా తక్కువే అయితే? అబద్ధం చెప్పొద్దు. పెరుగుతున్నారని చెప్పండి. ఒక కెఫేలో లైన్లో నిలబడినవాళ్లకు "30 శాతం మంది మాంసం తగ్గించడానికి ప్రయత్నిస్తున్నారు" అని చెబితే 17 శాతం మంది మాంసం లేని భోజనం తీసుకున్నారు. "30 శాతం మంది ఈ మధ్య తగ్గించడం మొదలుపెట్టారు" అంటే 34 శాతం మంది తీసుకున్నారు. తేడా అంతా "మొదలుపెట్టారు" అన్న మాటలోనే ఉంది.

ఇక మన ఆఫీసు నోటీసు ఇలా ఉండొచ్చు: "మూడో ఫ్లోర్లో ఈ మూడు నెలల్లో పదకొండు మంది బస్సుకు మారారు. మంగళవారం 8.20 బస్సులో వాళ్లను కలవొచ్చు." మూడో ఫ్లోర్ అని రాయడం ఊరికే కాదు. ఒక హోటల్లో టవల్ మళ్లీ వాడమని అడిగినప్పుడు, ఇదే గదిలో దిగినవాళ్లు వాడారని చెప్పిన కార్డుకే అందరికంటే ఎక్కువమంది, 49 శాతం, స్పందించారు. దగ్గరివాళ్ల కబురే చెవికెక్కుతుంది.

5. చేసినవాళ్ల చేతే చెప్పించండి

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో 58 ఊళ్లలో ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించుకోమని వాలంటీర్లు ప్రచారం చేశారు. తామే పెట్టించుకున్న వాలంటీర్లు, పెట్టించుకోనివాళ్ల కంటే దాదాపు 63 శాతం ఎక్కువమందిని ఒప్పించారు. ఆఫీసులో ఈ పనికి డైరెక్టర్ గారి ఈమెయిల్ కంటే, రోజూ ఆ బస్సులో వచ్చే అకౌంట్స్ మనిషి పక్క సీటు మేలు.

6. అలవాటు వదులైన సమయం పట్టుకోండి

ఇల్లు మారినప్పుడు, కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు పాత దారులన్నీ చెరిగిపోతాయి. ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో 800 ఇళ్లతో చేసిన అధ్యయనంలో, కొత్తగా ఇల్లు మారిన మూడు నెలల్లోపు అందిన సలహా బాగా నాటుకుంది. 2014 ఫిబ్రవరిలో లండన్ మెట్రో సమ్మె వల్ల జనం తప్పనిసరై వేరే దారుల్లో వెళ్లారు. సమ్మె ముగిశాక కూడా దాదాపు 5 శాతం మంది ఆ కొత్త దారినే పట్టుకున్నారు. రోడ్డు మరమ్మతు, ఆఫీసు మారడం, కొత్త బ్యాచ్ చేరడం లాంటివి మీ క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకోండి. "చేస్తాను" అన్నవాళ్ల చేత అప్పటికప్పుడే ఏ రోజు, ఏ బస్సు, ఏ స్టాప్ అన్నది రాయించండి. రోజు పేరు లేని మాట వారం తిరిగేసరికి గాలికి పోతుంది.

7. భయాన్ని నమ్ముకోకండి

63 దేశాల్లో 59,440 మందితో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. పదకొండు రకాల సందేశాలు పరీక్షించారు. ప్రళయం వస్తోందన్నట్టు చెప్పినదాన్ని సోషల్ మీడియాలో పంచుకున్నవాళ్లు అన్నిటికంటే ఎక్కువ. చెట్ల కోసం నిజంగా శ్రమపడే పని అప్పగిస్తే మాత్రం అదే సందేశం చూసినవాళ్లు తక్కువ చేశారు. షేర్లు లెక్కపెట్టుకుని సంతోషపడేవాళ్లందరూ ఈ ఫలితం ఒకసారి చూడాలి. ప్రమాదం నిజమే, దాన్ని దాచక్కర్లేదు. ఆ వాక్యం పక్కనే చేతికందే పని ఒకటి ఉండాలి.

8. పెద్ద అడుగును మరుగున పడేయకండి

నాకు బాగా బాధ కలిగించే సంగతి ఇది. 2019లో వెలువడిన ప్రయోగాల్లో, ఇలాంటి చిన్న ఉపాయం ఒకటి అందుబాటులో ఉందని చెప్పగానే కార్బన్ పన్నుకు (బొగ్గు, పెట్రోలు లాంటివి కాల్చితే వెలువడే కార్బన్ మీద వేసే పన్ను) మద్దతు తగ్గింది. చిన్నదాంతో సరిపోతుందిలే అనిపించింది కాబోలు. దాని ఫలితం చిన్నదేనని వివరిస్తే ఆ మద్దతు తిరిగి పుంజుకుంది. కాబట్టి బస్సెక్కినవాళ్లను అక్కడితో వదలకండి. వాళ్ల సంతకాలతోనే ఇంకో బస్సు కావాలని, గేటు దాకా నడిచే దారి కావాలని రవాణా శాఖకు రాయండి. సర్వేలో ఆ 89 శాతం మంది అడిగింది ప్రభుత్వం కదలాలనే కదా.

9. లెక్క పెట్టండి, ఒప్పుకోండి

అమెరికాలో ప్రభుత్వాల కోసం ఇలాంటి ఉపాయాలు చేసే రెండు బృందాల 126 ప్రయోగాలను 2022లో కలిపి చూస్తే, సగటు లాభం 1.4 శాతం పాయింట్లు, అంటే వంద మందిలో అదనంగా కదిలింది ఒకరిద్దరే. ఆరు లక్షల ఇళ్లకు ఇరుగుపొరుగు వాడకంతో పోల్చి రిపోర్టులు పంపితే కరెంటు వాడకం 2 శాతం తగ్గింది. చిన్నవే, అయినా అన్ని ఇళ్ల మీద చూస్తే ఎంతో. కాకపోతే మీ దగ్గర అద్భుతం జరుగుతుందని ముందే మాటివ్వకండి.

లెక్కకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మొదలుపెట్టడానికి నాలుగు వారాల ముందు నుంచే ప్రతి మంగళవారం పొద్దున పదింటికి పార్కింగ్‌లో బండ్లు లెక్కపెట్టి రాసుకోండి. ముందు మూడో ఫ్లోర్లోనే మొదలుపెట్టి, నాలుగో ఫ్లోర్‌ని ఎప్పటిలాగే ఉంచి, రెండు ఫ్లోర్లకీ విడివిడిగా రాయండి. సెలవులకో వానకో బండ్లు తగ్గితే రెండు చోట్లా తగ్గుతాయి, మీ పని వల్ల తగ్గితే మూడో ఫ్లోర్లోనే తగ్గుతాయి. రెండు నెలలకూ తేడా లేకపోతే పోస్టర్ రంగు మార్చకండి. మళ్లీ రెండో మెట్టు దగ్గరికి వెళ్లి, ఈసారి వేరే పది మందిని, నిన్న పొద్దున ఏం జరిగిందో చెప్పమని అడగండి.