బాండు ధర లెక్క కట్టే ముందు ఒక్క చూపు

కాల్క్యులేటర్ తీసే ముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: కూపన్ రేటు (ముఖ విలువ మీద, అంటే గడువు తీరాక చేతికొచ్చే అసలు మీద, బాండు ఏటా ఇచ్చే వడ్డీ శాతం), మీరు కోరే రాబడి. కూపన్ తక్కువైతే ధర ముఖ విలువకు కింద, ఎక్కువైతే పైన, రెండూ ఒకటైతే సరిగ్గా ముఖ విలువే. జవాబు అటుదిటు వచ్చిందంటే ఎక్కడో తప్పు నొక్కారన్నమాట.

ముఖ విలువ 1000, కూపన్ ఏడాదికి 8 శాతం, గడువు 10 ఏళ్లు అనుకుందాం. మార్కెట్‌లో అదే రిస్కుకు 10 శాతం వస్తుంటే ఈ 80 కోసం ఎవరూ 1000 పెట్టరు. ధర దాదాపు 877కి దిగుతుంది. 6 శాతమే వస్తుంటే 1147 దాకా ఎగబాకుతుంది. గమనించారా, దిగింది 123, ఎక్కింది 147. అటూ ఇటూ మారింది 2 శాతమే అయినా రెండూ సమానం కావు. నాకైతే ఈ లెక్కలో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి ఇదే.

అదే బాండుకు గడువు రెండేళ్లే మిగిలి ఉంటే, 10 శాతం దగ్గర కూడా ధర 965. గడువు దగ్గరపడేకొద్దీ ధర 1000 వైపే జరుగుతుంది, ఎగవేత భయం లేనంత వరకు.

కూపన్ ఆర్నెల్లకోసారి వచ్చేదైతే రేట్లు రెండూ సగం చేసి, ఏళ్లకు బదులు ఆర్నెల్ల వాయిదాలు లెక్కపెట్టి కాలం అంకెను రెట్టింపు చేయడం మరవకండి. ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే.