కారు కడిగాక గీతలు, తెల్లని మచ్చలు: సమస్య - పరిష్కారం

సమస్య: ఎండలో చూస్తే పెయింటు మీద సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తున్నాయి.

కారణం: పెయింటు మీద పేరుకున్న దుమ్ము, ఇసుక రేణువులు గుడ్డ కింద చిక్కుకుని, తుడిచినప్పుడల్లా క్లియర్ కోట్‌ను గీరుతాయి. పారదర్శకమైన ఆ పై పొర చాలా కార్లలో సుమారు 40 నుంచి 50 మైక్రాన్ల మందమే ఉంటుంది. అందుకే పొడిగుడ్డతో రోజూ దుమ్ము దులిపే అలవాటే కారుకు అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. గీతలు నిజానికి అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగు పడే చోటుకు చుట్టూ ఉన్నవే మెరుస్తాయి గనుక గుండ్రంగా తోస్తాయి.

పరిష్కారం: చేయి తగలకుండా ముందు పైనుంచి కిందికి ధారాళంగా నీళ్లు కొట్టి, వదులుగా ఉన్న మట్టినంతా పోనివ్వాలి. తరువాత ఒక బకెట్‌లో కార్ షాంపూ కలిపిన నీరు, రెండోదానిలో మంచినీరు పెట్టుకుని, మైక్రోఫైబర్ గ్లవ్‌ను ప్రతి భాగం కడిగాక మంచినీటిలో జాడించి, ఆ తరువాతే మళ్లీ షాంపూ నీటిలో ముంచాలి. పైకప్పుతో మొదలుపెట్టి, బురద ఎక్కువగా ఉండే కింది అంచులను చివర్లో కడగాలి; బ్రేకుల నుంచి రాలిన లోహపు పొడి చక్రాలకు అంటుకుని ఉంటుంది కాబట్టి వాటికి గుడ్డ, బకెట్ వేరుగా ఉండాలి. గ్లవ్ నేల మీద పడితే శుభ్రంగా ఉతికేదాకా దాన్ని మళ్లీ పెయింటుకు తాకించకూడదు. ఇప్పటికే పడ్డ గీతలను వ్యాక్స్ కొంతకాలం కప్పిపుచ్చుతుంది, పాలిష్ తొలగిస్తుంది. అయితే పాలిష్ క్లియర్ కోట్‌నే కొద్దిగా అరగదీస్తుంది కనుక దాన్ని తరచుగా చేయించడం మంచిది కాదు.

సమస్య: ఆరాక తెల్లని గుండ్రటి మచ్చలు మిగులుతున్నాయి.

కారణం, పరిష్కారం: కఠిన జలం ఎండకో, ఇంజన్ వేడికో ఆవిరైపోయి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అక్కడే ఉండిపోతాయి. తెల్ల వెనిగర్‌కు సమానంగా నీరు కలిపి, అందులో తడిపిన గుడ్డను మచ్చపై ఒక నిమిషం ఉంచి, వెంటనే బాగా కడిగేయాలి. అయినా పోకపోతే మచ్చ పై పొరలోకి దిగిందని, దానికి పాలిష్ తప్పదని గ్రహించాలి. ఇకమీదట నీడలో, బానెట్ చల్లబడ్డాక కడిగి, నీరు దానంతట అది ఆరేలోగా పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను పరిచి, రుద్దకుండా అద్దుతూ తడి తీసేయాలి.

సమస్య: తుడిచాక కూడా అద్దాల కిందా, డోర్ హ్యాండిళ్ల కిందా చారలు దిగుతున్నాయి.

సందుల్లో దాగిన నీరే ఇందుకు కారణం. తలుపులన్నీ ఒకసారి తెరిచి మూసి, కారును కొద్ది దూరం నడిపి, బయటికి వచ్చిన నీటిని మళ్లీ తుడవాలి.

సమస్య: నీరు ముత్యాల్లా నిలవడం లేదు.

గిన్నెలు తోమే సబ్బు వాడితే, నీటిని అలా నిలిపే వ్యాక్స్ పొర త్వరగా పోతుంది. కార్ షాంపూకు మారి, మళ్లీ వ్యాక్స్ పూయాలి.

సమస్య: టవల్ నీటిని పీల్చడం మానేసింది.

ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే మైక్రోఫైబర్ పోగులకు పూత పట్టి ఇలా జరుగుతుంది. సాఫ్ట్‌నర్ మానేసి, నూగు అంటుకోకుండా నూలు బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.