గొలుసు విప్పాక పిలిస్తే రావట్లేదా? ముందు మీ నోటి మాట చెక్ చేస్కోండి

భీమిలి రోడ్డు వైపు తెలిసినాయన జీడితోట, దాని వెనకాల గుట్ట. ఆయన్ని అడిగి, ఐదారుగురం కుక్కల్ని తీసుకుని ఆదివారాలు పొద్దున్నే ఎక్కుతాం, కొంత దూరం పోయాక గొలుసులు విప్పేస్తాం. కొత్తగా వచ్చేవాళ్లందరిదీ ఒకటే గోల, "ఇంట్లో పిలిస్తే పరిగెత్తుకొస్తాడండీ, ఇక్కడేటో అస్సలు వినట్లేదు" అని. చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే రాసి పడేస్తున్నా. వ్యాక్సిన్లు, నీళ్లు, పేలమందు ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నా.

సమస్య: విప్పిన పావుగంటకే పిలిస్తే వెనక్కి కూడా చూడదు

అన్నిటికన్నా ముందు ఒక్క పని. విప్పే ముందు, గొలుసు ఉండగానే, కుక్క ఏదో వాసన చూస్తున్నప్పుడు ఒక్కసారి పిలవండి. మూడు లెక్కపెట్టేలోపు మీ వైపు తిరిగిందా, విప్పండి. తిరగలేదా, ఆ రోజుకి పది మీటర్ల తాడే, అది కూడా మెడ బెల్టుకి కాదు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కి కట్టాలి. పట్టుమని పది సెకన్ల పని, అయినా ఒక్కరు చెయ్యరు! కారు డోర్ తియ్యగానే విప్పేసి తర్వాత తుప్పల్లో పడి వెతుకుతారు.

ఇంట్లో పాసయ్యి కొండ మీద మాత్రం ఫెయిలవుతుంటే అందరూ ముందు వాసనల మీదకో మేకల మీదకో తోసేస్తారు. నేనూ అదే చేశా. మా కర్రిగాడు నాటు కుక్క, ఇంట్లో "రా" అంటే మంచం కింద నుంచి కూడా వచ్చేవాడు. గ్రూపులో మొదటి రెండు వారాలు బానే ఉన్నాడు, మూడో వారం నుంచి అదోలా, నాలుగో వారం ఎదురుగా మేకల మంద కనపడింది, నేను "రా రా రా" అని గొంతు చించుకుంటే వాడి చెవి కూడా కదల్లేదు. మంద చెల్లాచెదురైంది, ఒక మేకపిల్ల గోతిలో పడి కాలు విరిగింది, ఆ మేకలాయనకి డబ్బులిచ్చి చేతులు పట్టుకుని బతిమాలుకున్నా. తర్వాత రెండు నెలలు ట్రైనర్ చుట్టూ తిరిగా.

అసలు విషయం ఇంట్లో ఫోన్ మాట్లాడుతుంటే తట్టింది. మా తమ్ముడితో ఐదు నిమిషాలు మాట్లాడా, "ఏంట్రా, అవున్రా, సరేరా, నువ్వే రారా"... లెక్కపెడితే ముప్పై దాటాయి. కర్రిగాడు పక్కనే పడుకుని ఉన్నాడు, ఒక్కదానికీ కళ్లు తెరవలేదు. ఎందుకు తెరుస్తాడు? వాణ్ణి పిలిచే మాటా, మనం ప్రతి వాక్యం చివర అంటించే తోకా ఒకటే. ఇంట్లో మేం ఇద్దరమే, "రా" అంటే వాడికే అని తెలిసేది. కొండ మీద ఐదుగురు మగాళ్లు, "ఒరే ఇటు రారా ఫోటో తీస్తా", "ఆగరా", "పదరా", దానికి తోడు గ్రూపులో రాకీలు ఇద్దరు! మొదటి రోజు వాడు ప్రతి "రా"కీ తిరిగి చూసే ఉంటాడు పాపం, ఎవడూ ముక్క పెట్టలేదు, ఆ మాట పట్టించుకోనక్కర్లేదని మనమే వాడికి నేర్పించాం.

మీదీ ఇదేనా అని తెలుసుకోడానికి: కుక్క కునుకు తీస్తున్నప్పుడు మామూలు గొంతుతో "రా" అనండి. చెవి కదల్లేదా, కాసేపాగి దాని తిండి డబ్బా మూత తియ్యండి. దీనికి లేచి కూర్చుంటే చెవులు బానే ఉన్నట్టు, మాటే అరిగిపోయినట్టు.

అరిగిపోయిన మాటని బాగుచెయ్యాలని చూడకండి, వదిలేసి కొత్తది పెట్టుకోండి. మామూలు మాటల్లో దొర్లనిది కావాలి. "కమ్" వద్దు, పిల్లలున్న ఇంట్లో అదీ అరిగే ఉంటుంది. మా వాడొకడు తెలివిగా "ఇడ్లీ" అని పెట్టాడు, ఏడయ్యేసరికి అందరం టిఫిన్ గురించే మాట్లాడతాం, అదీ పోయింది. నేను విజిల్‌కి మారిపోయా, చిన్నగా రెండుసార్లు. మొదటి నాలుగైదు రోజులు ఇంట్లోనే, విజిల్ ఊదడం, వెంటనే ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టడం, రోజుకి ఒక పదిసార్లు, రమ్మనక్కర్లేదు ఏం చెయ్యమనక్కర్లేదు. తర్వాత తాడు కట్టి వీధిలో, ఆ తర్వాత ఖాళీ గ్రౌండ్‌లో, కొండ మీదకి మూడో వారం తర్వాతే. ఎండు నెత్తళ్లకి బాగా వస్తారు గానీ ఉప్పు ఎక్కువ, వద్దు. ఊదితే ఒక్కసారే ఊదాలి, రాదని తెలిసినప్పుడు అసలు ఊదకూడదు, వెళ్లి పట్టుకు తెచ్చుకోవాలి. లేదంటే ఈ విజిల్ కూడా "రా" అయిపోతుంది.

గ్రూపులో ఇంకొకళ్లు కూడా విజిల్ వాడితే ఎవరి లెక్క వాళ్లది ముందే అనుకోండి, ఒకరిది రెండు చిన్నవి, ఇంకొకరిది ఒక పొడుగుది.

సమస్య: వస్తుంది గానీ ఆరడుగుల దూరంలో ఆగిపోతుంది, చెయ్యి చాపితే తప్పించుకుంటుంది

మీరు పొద్దున్నించి పిలవకుండా చివర్లో గొలుసు వెయ్యడానికి మాత్రమే పిలుస్తున్నారు. పిలుపంటే ఆట అయిపోయిందని దానికర్థమైంది. దారి పొడుగునా ఐదేసి నిమిషాలకోసారి పిలిచి, బెల్టు పట్టుకుని, ముక్క పెట్టి, మళ్లీ వదిలెయ్యండి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు వదలాలి.

సమస్య: కార్ల దగ్గరే కొట్లాటలు

ఎదురెదురుగా తెచ్చి ముక్కులు కలిపిస్తే కొట్టుకోక ఏం చేస్తాయి. మొదటి పది నిమిషాలు గొలుసులతోనే, మధ్యలో దూరం పెట్టి, అందరూ ఒకే వైపు నడవండి. బంతులు కార్లోనే వదిలెయ్యండి.

సమస్య: వెనకపడిపోతోంది, కూర్చుండిపోతోంది

ముందు అరికాళ్లు చూడండి, వేళ్ల మధ్య పల్లేరుకాయ ఉంటుంది చాలాసార్లు. కాళ్లు బానే ఉండి నాలుక వెడల్పయ్యి, చిక్కటి చొంగ కారుతూ తూలుతుంటే అది వడదెబ్బ. కుక్క రొప్పుతూ నాలుక మీద తడి ఆరబెట్టుకునే చల్లబడుతుంది, మన వైజాగ్ ఉక్కలో ఆ తడి సరిగ్గా ఆరదు, అందుకే ఎండ లేకపోయినా తగులుతుంది. నీడకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మే నెలలో మేం అసలు వెళ్లం. ఇంటికెళ్లాక కూడా రోజుల తరబడి నీరసం, జ్వరం, తిండి మానెయ్యడం ఉంటే పిడుదుల జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. మన క్రోసిన్లు, బ్రూఫెన్లు మాత్రం వెయ్యొద్దు.

సమస్య: ఏదో కనపడితే చాలు, వంద మీటర్లు దూసుకుపోతుంది

ఎక్కడ విప్పుతున్నారో చెప్పండి ముందు. కంబాలకొండ వైపైతే ఆ మాటే ఎత్తకండి, అది అభయారణ్యం, చిరుతలున్న చోటు. ఇసుక తీరాల్లో శీతాకాలం నుంచి వేసవి దాకా తాబేళ్లు గుడ్లు పెడతాయి, కుక్కలు తవ్వేస్తాయి, అప్పుడు బీచ్‌లో గొలుసు తియ్యకూడదు. మేకలు కనిపించే దారైతే అవి ఎదురుపడకముందే కట్టెయ్యండి, ఎంత ట్రైనింగ్ ఉన్నా సరే.

చెవుడు, కళ్లు కనపడకపోవడం అంటారా, ముసలి కుక్కల్లో ఉంటాయి, డబ్బా మూత చప్పుడుకి లేచిందంటే చెవుడు కాదు. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించినాయన కూడా ఉన్నాడు మా గ్రూపులో, ఆయన కుక్కదీ "రా" రోగమే.