శరీర భాగాల ఇంగ్లిష్ ఇడియమ్స్ ఎలా నేర్చుకోవాలి?

ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, వారానికి ఐదు ఇడియమ్స్, అంటే జాతీయాలు. ఫోన్‌లో టైప్ చేసుకుంటామంటే కుదరదు, చేత్తో రాయాల్సిందే. పది రోజుల్లో ఐదొందలు నేర్పించే వీడియోలు చూసినవాళ్లు నాకు చాలామంది తెలుసు, పదకొండో రోజున ఒక్కటీ నోటికి రాదు.

ముందు మనకీ ఉన్నవి రాసుకోండి. 'స్లిప్ ఆఫ్ ది టంగ్' అంటే నోరు జారడం, 'గ్రీజ్ హిజ్ పామ్' అంటే చెయ్యి తడపడం. 'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అంటే చూసీ చూడనట్టు వదిలేయడం. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ తన చూపులేని కంటికి టెలిస్కోప్ పెట్టుకుని, వెనక్కి రమ్మన్న సిగ్నల్ కనబడట్లేదన్నాడని దీనికో కథ చెబుతారు. ఇవన్నీ ఒక్క పూట పని.

తర్వాత మనకి లేనివి. పక్కన అర్థం రాయకండి, మీ ఇంట్లో జరిగిన సంగతి రాయండి. బోలెడు ఖర్చవడాన్ని చెప్పే 'కాస్ట్ యాన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్' పక్కన నేను అక్క పెళ్లి పట్టుచీర అని రాసుకున్నా, ఇరవై ఏళ్లయినా మర్చిపోలేదు.

ఇక అందరూ బోల్తాపడేది ఇక్కడే: చూడ్డానికి తెలుగులాగే ఉండి, అర్థం వేరే ఉన్నవి. ఒకసారి ఫోన్ మీటింగులో పని ఎందుకు ఆలస్యమైందని అడిగితే, మావాడు హ్యాండిచ్చాడు అనుకుంటూ 'హి గేవ్ మీ ఎ హ్యాండ్' అనేశాను. అటుపక్క ఆయన, అతనికి నా థ్యాంక్స్ చెప్పండి అన్నాడు! ఇంగ్లిష్‌లో చెయ్యిస్తే సాయం చేసినట్టు. 'గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్' అంటే మళ్లీ చప్పట్లు కొట్టమని. మనవాడు ముంచేశాడని చెప్పాలంటే 'హి లెట్ మీ డౌన్' అనాలి, అందులో చెయ్యీ లేదు, కాలూ లేదు.

అలాగే 'ఫైర్ ఇన్ ది బెల్లీ' మన కడుపుమంట కాదు, కసి, పట్టుదల, అంటే పొగడ్తే. చెడ్డవార్త వింటే మనకి కాళ్లూ చేతులూ చల్లబడతాయి, కానీ 'కోల్డ్ ఫీట్' దానికి వాడరు, ముందు సరే అని తీరా సమయానికి జంకినవాడి గురించే అంటారు. ఇలాంటివి వేరే పేజీలో ఎర్ర ఇంకుతో రాయండి, ఎరుపే, నీలం వద్దు. తెలుగు మాట పైన రాసి దానిమీద అడ్డగీత కొట్టండి, కింద అసలు అర్థం రాయండి.

చివరగా రాసినవి పైకి చదవండి, ఉన్నదున్నట్టు. ఆటపట్టించడాన్ని 'పుల్లింగ్ మై లెగ్' అంటారు, మీకు రెండు కాళ్లున్నా సరే 'లెగ్స్' అనకూడదు.