ప్రోగ్రాం మనది, లైసెన్స్ జీపీఎల్ అంటోంది: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

సమస్య: రిలీజ్ ముందు లైసెన్స్ స్కానర్ నడిపితే, జీసీసీ కంపైలర్‌తో వచ్చే లైబ్రరీలు లిబ్‌జీసీసీ, లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ ఎదురుగా "జీపీఎల్ 3" అని ఎర్రగా వచ్చింది. జీపీఎల్ కోడ్ కలిపి పంచే ప్రోగ్రాం సోర్స్ కూడా ఇవ్వాలనేది ఆ లైసెన్స్ షరతు, అందుకే మన సోర్స్ కోడ్ అంతా బయటపెట్టాలా అని టీం మొత్తానికి టెన్షన్.

కారణం: స్కానర్ సగమే చదివింది. జీసీసీతో కంపైల్ చేస్తే ఆ రన్‌టైమ్ లైబ్రరీల కోడ్ కొంత మీ బైనరీలోకి వస్తుంది, వాటి లైసెన్స్ జీపీఎల్ 3 అన్నదీ నిజమే, కానీ దానికి జోడీగా జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీ ఎక్సెప్షన్ అనే అదనపు అనుమతి ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 3.1 వెర్షన్ 2009 మార్చి 31 నాటిది. దాని ప్రకారం ఆ లైబ్రరీలతో లింకయిన మీ ప్రోగ్రాంని మీకు నచ్చిన లైసెన్స్ కింద ఇవ్వొచ్చు, క్లోజ్డ్ సోర్స్ అయినా సరే. ఒకే షరతు: కంపైలేషన్ మొత్తం జీసీసీతో గానీ, దానికి తోడు జీపీఎల్‌తో పొసిగే టూల్స్‌తో గానీ జరగాలి, లేదా అసలు జీసీసీ వాడకుండా జరగాలి. జీసీసీ మధ్యలో తయారుచేసే కోడ్‌ని బయటికి తీసి, ఎవరిదో ప్రొప్రైటరీ ఆప్టిమైజర్‌తో మార్చి ఆబ్జెక్ట్ ఫైల్ చేస్తే ఈ అనుమతి పోతుంది. ప్లగిన్ల దారిలో కంపైలర్‌ని సొంత ఆస్తిగా మార్చుకోకుండా ఉండేందుకే ఈ షరతు, నా దృష్టిలో చాలా న్యాయమైనది. మామూలుగా కంపైల్ చేసేవాళ్లకి దీంతో ఇబ్బందే లేదు.

పరిష్కారం: లైబ్రరీ సోర్స్ ఫైల్ తెరిచి మొదట్లో ఉన్న కామెంట్ చదవండి, ఎక్సెప్షన్ పేరు అక్కడే రాసి ఉంటుంది. స్కానర్‌లో "జీపీఎల్-3.0-ఆర్-లేటర్ విత్ జీసీసీ-ఎక్సెప్షన్-3.1" అని సరిచేయండి. ఈ ఒక్క రిపోర్ట్ చూసి కంపైలర్ మార్చేయొద్దు.

సమస్య: ఏ మెషీన్‌లోనైనా నడవాలని పూర్తి స్టాటిక్‌గా, అంటే లైబ్రరీలన్నీ ఒకే ఫైల్‌లో కలిపేసి లింక్ చేశాం, ఇప్పుడు ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కి కాస్త సడలించిన రూపం) అంటున్నారు.

కారణం: ఇది ఉత్తుత్తి అలారం కాదు. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీకి పైన చెప్పిన ఎక్సెప్షన్ వర్తించదు, దానిది ఎల్‌జీపీఎల్ 2.1. డైనమిక్‌గా లింక్ చేసినప్పుడు యూజర్ ఆ లైబ్రరీని మార్చుకోగలడు కాబట్టి ఇబ్బంది తక్కువ, స్టాటిక్‌గా కలిపేస్తే ఆ వీలు మీరే కల్పించాలి, అంటే మీ సోర్స్ ఇవ్వకపోయినా మళ్లీ లింక్ చేసుకోవడానికి మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇవ్వాలి.

పరిష్కారం: జీలిబ్‌సీని డైనమిక్‌గా వదిలేసి, మిగతా రెండింటికి మాత్రం స్టాటిక్-లిబ్‌జీసీసీ, స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ ఆప్షన్లు వాడండి. ఒకటే ఫైల్ కావాల్సిందే అంటే ఆల్పైన్ లినక్స్‌లో, జీలిబ్‌సీ బదులు వాడే మజిల్ అనే సీ లైబ్రరీతో కట్టండి, దాని లైసెన్స్ ఎంఐటీ. కాపీరైట్ నోటీస్ జతచేస్తే చాలు, కానీ లొకేల్, డీఎన్ఎస్ విషయాల్లో కొంచెం వేరుగా నడుస్తుంది, టెస్ట్ చేయకుండా పంపొద్దు.

సమస్య: ప్రోగ్రాం ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొడితే లిస్టులో లిబ్‌రీడ్‌లైన్ కనిపిస్తోంది.

కారణం: ఇది కంపైలర్ రన్‌టైమ్ లైబ్రరీయే కాదు, టైప్ చేసే లైన్‌ని ఎడిట్ చేసుకోనిచ్చే లైబ్రరీ, ఎక్సెప్షన్ లేని అసలు జీపీఎల్ 3. డైనమిక్ లింక్ అయినా సరే మీ ప్రోగ్రాం దాని కిందికే వస్తుందని జీపీఎల్‌ని తయారుచేసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతుంది.

పరిష్కారం: దాని బదులు అదే పని చేసే, బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న లిబ్‌ఎడిట్ పెట్టండి, లేదా మీ ప్రోగ్రాంనే జీపీఎల్ కింద ఇవ్వండి. ఇవ్వగలిగితే రెండోదే మంచిదంటాను.

సమస్య: అడా భాషలో రాసిన ప్రోగ్రాం, అదీ జీసీసీయే, ఎక్సెప్షన్ మాత్రం కనిపించట్లేదు.

కారణం: అడాకోర్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గ్నాట్ (జీసీసీ అడా కంపైలర్) కమ్యూనిటీ ఎడిషన్ అయి ఉంటుంది. దాని రన్‌టైమ్‌కి ఎక్సెప్షన్ లేదు. ఆ ఎడిషన్ 2021తో ఆగిపోయింది, పాత బిల్డ్ మెషీన్లలో ఇంకా ఉండొచ్చు.

పరిష్కారం: మీ లినక్స్ డిస్ట్రో ఇచ్చే జీసీసీలోని గ్నాట్‌తో మొత్తం మళ్లీ కట్టండి, దాని రన్‌టైమ్‌కి ఎక్సెప్షన్ ఉంది. పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒక్కటి కూడా మిగలకుండా తుడిచేసి మొదలుపెట్టండి. బైనరీ బయటివాళ్లకి ఇవ్వకుండా మీ సర్వర్లోనే నడుపుతుంటే మాత్రం ఈ నాలుగింటిలో దేనికీ హడావుడి పడక్కర్లేదు, జీపీఎల్ షరతులు పంపిణీ చేసినప్పుడే మొదలవుతాయి.