సూక్ష్మ గురుత్వ ప్రయోగానికి పెట్టె గీసే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం విద్యార్థులు, తెలుగువారూ ఒడియావారూ కలిసి, అంతరిక్షంలో చోడి (రాగి) మొలకలపై ప్రయోగం తలపెడితే, పెట్టె కొలతలు గీయకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

ప్రశ్న ఒక్కటే ఉండాలి. 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60తో ఇస్రో పంపిన పోయెమ్-4 (రాకెట్ చివరి అంచెనే కక్ష్యలో ప్రయోగాలకు వాడుకునే వేదిక)పై అలసంద గింజలు నాలుగు రోజుల్లోనే మొలకెత్తాయి కనుక, మొలక వస్తుందా అని అడిగితే చాలదు. వేరు వెలుగుకు ఎడంగా పోతుందా, తేమవైపు వెళ్తుందా అన్నంత సూటిగా అడగాలి.

అన్నిటికన్నా నీటి విషయంలో ఎక్కువ జాగ్రత్త పడాలి. కక్ష్యలో బరువు దాదాపు తెలియదు (దీన్నే సూక్ష్మ గురుత్వం అంటారు) కాబట్టి నీరు అడుగుకు దిగదు, బుడగలు పైకి తేలవు, వేడిగాలి తనంతట పైకి పోదు. తలతన్యత వల్ల నీరు గింజ చుట్టూ పొరలా అతుక్కుని గాలి అందనివ్వదు. అందుచేత వడపోత కాగితానికి సన్నని గొట్టంతో కొద్దికొద్దిగా తేమ అందించి, పెట్టెను బోర్లించి, పక్కకు వాల్చి చూడండి. కాగితం అంచున ఒక్క చుక్క వేలాడినా ఆ నమూనాను మార్చవలసిందే.

మొలకలను నెమ్మదిగా తిప్పుతూ ఉండే క్లైనోస్టాట్ అనే పరికరంలో ఉంచి చూడటం మంచిదే గాని, దానితో గురుత్వం పోదని, దాని దిశ మాత్రమే నిలకడగా ఉండదని జట్టులో అందరికీ తెలిసి ఉండాలి.

పోల్చి చూసేందుకు అదే సంచిలోని గింజలతో, అదే ఉష్ణోగ్రతలో, నేలపై మరో పెట్టె నడపాలి. దాని బాధ్యత ఏ కళాశాలదో ముందే రాసుకోండి. రాకెట్ ప్రయాణం వాయిదా పడటం మామూలే కాబట్టి, పొడి గింజలు పెట్టెలో నెలల తరబడి ఉన్నా మొలకశక్తి నిలుస్తుందో లేదో కూడా పరీక్షించాలి.