మర్యాద పాఠాలు - 4: టోపీ తీయమన్నాను, అన్నిచోట్లా కాదు

పోయిన పాఠంలో "గడప దాటగానే టోపీ తీసేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తప్పు నాదే. ఆ మాట పట్టుకుని ఒకాయన నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లి, బారాషహీద్ దర్గా లోపల తలకు కట్టిన రుమాలు విప్పి జేబులో పెట్టుకున్నాడట. పక్కనున్న పెద్దాయన పల్లెత్తు మాట అనకుండా తన భుజం మీది తువ్వాలు తీసి ఈయన తల మీద కప్పాడట. తిట్టినా బాగుండేదని రాశాడు.

గడప దాటితే మగవాళ్లు టోపీ తీయడం యూరప్ నుంచి వచ్చిన పద్ధతి. చర్చిలోనూ మగవాళ్లకు అంతే, ఆడవాళ్లు కొంగు కప్పుకుంటారు. దర్గా, మసీదు, గురుద్వారా అయితే తల కప్పుకోవడమే మర్యాద. గుడిలో తలపాగా తీస్తారు. రంగనాయకుల గుడికి వెళ్తే కండువా నడుముకు చుట్టుకునే పెద్దవాళ్లు కనిపిస్తారు, చూసి నేర్చుకోండి. నా మటుకు నేను ఉతికిన రుమాలు ఒకటి జేబులో ఉంచుకుంటాను, ఎక్కడికైనా పనికొస్తుంది. చెప్పుల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇక హెల్మెట్. మొన్న మా ఇంటికి ఒకబ్బాయి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. అద్దం పైకెత్తి, హెల్మెట్ తలమీదే ఉంచుకుని "తప్పకుండా రావాలి" అన్నాడు. మా అమ్మ కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని, బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక "ఎవరబ్బాయివి నాయనా?" అంది. సొంత మేనల్లుడి కొడుకు! అప్పుడు తీశాడు. తీసి ఎక్కడ పెట్టాడు? అన్నం తినే బల్ల మీద, పచ్చడి జాడీ పక్కన. మే నెలలో ఒంగోలు నుంచి బండి మీద వచ్చిన హెల్మెట్ లోపల ఎంత చెమట ఉంటుందో ఆలోచించండి. బల్ల మీద వద్దు, మంచం మీద వద్దు, సోఫాలో పక్కవాళ్లు కూర్చునే చోట అసలే వద్దు. బండి దిగగానే తీయాలి, చెప్పులు విడిచిన చోటే బోర్లించాలి. పోతుందని భయమైతే లోపలికి తెచ్చి మీ కాళ్ల దగ్గర పెట్టుకోండి. బ్యాంకువాళ్లు తీయమని బోర్డు పెడితే తీస్తారు, అత్తగారింట్లోనూ బోర్డు కావాలా?

మంకీ క్యాప్ గురించి అడిగినవాళ్లకు: చలికి పెట్టుకున్న ముసలివాళ్లను వదిలేయండి.

అభ్యాసం: ఈ వారం ఆరు ఇళ్లకు వెళ్లండి. ఒక్క ఇంట్లో కూడా "అది అక్కడ పెట్టు నాయనా" అనిపించుకోకూడదు. అనిపించుకుంటే మళ్లీ ఒకటో ఇంటి నుంచి లెక్క.